రెండు భాషల నడుమ జావో యువాన్‌రెన్

తెలుగువానికి కోపము వచ్చును. భయము వేయును. సిగ్గు కలుగును, దుఃఖము పొంగును, ఒక వస్తువు నచ్చును. ఈ వాక్యములలో మనుష్యుడు కర్త కాడు. అనుభూతియే కర్త. అది ఎక్కడినుండియో అతిథివలె వచ్చి మనిషిని చేరును. ఆంగ్లేయుడు అట్లు చెప్పడు. అతని భాషలో మనిషి కోపముగా ఉండును, లేదా మరొక మనిషియో వస్తువో అతనికి కోపము తెప్పించును. చీనా భాషలో భయపడుటకును ప్రేమించుటకును మనిషియే కర్త. కాని ఆ క్రియకు కాలము అంటదు, లింగము అంటదు, వచనము అంటదు. మూడు జాతుల గుండెలును ఒక్క తీరుననే కొట్టుకొనును గాని, ఆ కొట్టుకొనుటను చెప్పు క్రియాపదములు మాత్రము మూడు త్రోవలు తొక్కినవి. పిల్లలచేత అనువాదము చేయించు ఉపాధ్యాయులకు ఈ చిక్కు నిత్యానుభవము.

ఈ చిక్కును భారముగా గాక వినోదముగా ఎంచి, దాని చుట్టును ఒక జీవితమునే అల్లుకొన్న పండితుడు జావో యువాన్‌రెన్. చీనా ఆచారము ననుసరించి జావో ఇంటిపేరు. పాశ్చాత్య గ్రంథములలో ఈయనయే యువెన్ రెన్ చావో అని కనబడును. చదివినది గణితము, పట్టము పొందినది తత్త్వశాస్త్రమున, పాఠము చెప్పినది మొదట భౌతికశాస్త్రము, ప్రజలు పాడుకొన్నది ఆయన కట్టిన పాట. లోకము ఆయనను తలచుకొనునది మాత్రము భాషాశాస్త్రజ్ఞుడుగా.

1892 నవంబరు 3వ తేదీన తియెన్‌త్సిన్ నగరమున ఆయన జన్మించినారు. పూర్వులది దక్షిణమున జియాంగ్సు రాష్ట్రములోని చాంగ్‌జౌ. పదునెనిమిదవ శతాబ్దిలో కవిగను చరిత్రకారుడుగను వన్నెకెక్కిన జావో యీ ఆ వంశమువాడే. తాతగారు ఉత్తరాదిన ప్రభుత్వోద్యోగి యగుటచేత కుటుంబము ఊరూరు తిరిగినది. వీధిలోని పిల్లలది ఉత్తరపు మాట, పాఠము చెప్పునపుడు ఇంట వినబడునది చాంగ్‌జౌ ఉచ్చారణ, బంధువుల నోట మరొక యాస. పసితనముననే చెవికి ఇంత మేత దొరకిన బాలుడు సామాన్యముగా తికమకపడును. ఈ బాలుడు మాత్రము ఏ యాస ఎవరితో మాటాడవలెనో ఎరిగి మాటాడెడివాడు. తండ్రి పిల్లనగ్రోవి వాయించగా తల్లి కున్‌చ్యూ పాటలు పాడెడిది. ఆ ఇంట మాటకును పాటకును నడుమ గోడ లేదు.

1904లో తలిదండ్రులిద్దరును ఒకరి వెంట ఒకరు గతించినారు. బాలునికి అప్పుడు పండ్రెండేండ్లు. బంధువుల పంచన పెరిగి, నాన్‌కింగులో ఉన్నత పాఠశాలలో చదివి, 1910లో అమెరికా చదువునకై జరిగిన పోటీ పరీక్షలో రెండవవాడుగా ఉత్తీర్ణుడైనాడు. బాక్సరు తిరుగుబాటు పిమ్మట చీనా చెల్లింపవలసి వచ్చిన నష్టపరిహారములో ఒక భాగమును అమెరికా తిరిగి ఇచ్చివేయగా, ఆ సొమ్ముతో ఏర్పడిన విద్యార్థి వేతనము అది. ఆ యేటి పరీక్షలోనే ఏబదియైదవవాడుగా నెగ్గిన హూ షి పిమ్మట చీనా సాహిత్యమున వాడుక భాషోద్యమమునకు నాయకుడైనాడు. ఇద్దరును ఒకే ఓడలో బయలుదేరి కార్నెల్ విశ్వవిద్యాలయమున చేరినారు. జావో అక్కడ 1914లో గణితమున పట్టము పొంది, పిమ్మట హార్వర్డులో తత్త్వశాస్త్రమున పరిశోధన చేసి 1918లో డాక్టరైనారు.

1920లో స్వదేశమునకు మరలిన కొలదినాళ్లకే ఆయనకొక విచిత్రమైన పని తగిలినది. ఆంగ్ల తత్త్వవేత్త బెర్‌ట్రాండ్ రస్సెల్ చీనాలో ఉపన్యాసములిచ్చుటకు వచ్చినాడు. గణితము, తర్కము, తత్త్వము, ఆంగ్లము, చీనా దేశభాషలు అన్నియు తెలిసిన దుబాసీ మరొకడు దేశమున దొరకుట దుర్లభము. జావో రస్సెల్ వెంట ఊరూరు తిరిగి, ఆయా ఊళ్లలో వీలైనంతవరకు అక్కడి యాసలోనే అనువదించినారు. హూనాన్ రాష్ట్రపు రాజధాని చాంగ్‌షాకు పోవుచు దారిలో తోటి ప్రయాణికుని వద్ద ఆ యాస నేర్చుకొని సభలో ప్రయోగించగా, సభానంతరము ఒక శ్రోత వచ్చి, తమది హూనాన్‌లో ఏ తాలూకా అని అడిగినాడట.

తర్కమును అనువదించుట ఆయనకు కష్టము కాలేదు. తడబాటు వచ్చినది సంసారపు మాట దగ్గర. రస్సెల్ వెంట వచ్చిన డోరా బ్లాక్ ఒక సభలో మాటాడుచు పెండ్లికాని పురుషులను, పెండ్లికాని స్త్రీలను ప్రస్తావించినది. ఆంగ్లమున పెండ్లాడుట ఇద్దరికిని ఒక్కటే క్రియ. మన తెలుగులోను అంతే. చీనా భాషలో అట్లు కాదు. పురుషుడు చేయునది ఒక క్రియ, దాని పేరు ఛ్యూ. ఆ లిపిలో తీసికొను అను గుర్తు క్రింద స్త్రీ అను గుర్తుండును. స్త్రీ చేయునది వేరొక క్రియ, జియా. అందులో స్త్రీ గుర్తు ప్రక్కన ఇంటి గుర్తుండును. వాడు ఆమెను తెచ్చుకొనును, ఆమె ఆ యింటికి పోవును. వేదికపై తొందరలో జావో ఈ రెండు క్రియలను తారుమారు చేసినారు. మొగుడు లేని మగవారు, పెండ్లాము లేని ఆడువారు అని అర్థము వచ్చినది. సభ గొల్లున నవ్వినది. తాను నవ్వు పుట్టించు మాట ఏమన్నదో డోరా బ్లాక్‌కు బోధపడలేదు. తరువాత చెప్పెదనని జావో చెవిలో ఊదవలసి వచ్చినది. ఒక భాష ఒక్క మాటతో దాటిపోవు చోట మరొక భాష వక్తను నిలబెట్టి, ఎవరు ఎవరిని అని నిగ్గదీయును. ఆ జవాబు చెప్పక ముందుకు పోవుటకు వీలులేదు. జావో పిమ్మటి కాలమున వ్రాసిన అనువాద సిద్ధాంతమునకు బీజము ఆ నవ్వులో ఉన్నదనిన అతిశయోక్తి కాదు.

ఆయన స్వంత వివాహము కూడ ఆ రెండు క్రియలలో దేనికిని లొంగలేదు. చిన్ననాడే పెద్దలు ఆయనకొక సంబంధము నిశ్చయించియుండిరి. ఆయన దానిని రద్దు చేయించుకొన్నారు. జపానులో వైద్యవిద్య నభ్యసించి పెకింగులో వైద్యశాల నడుపుచున్న యాంగ్ బూవే కూడ పెద్దలు కుదిర్చిన సంబంధమును కాదనినదే. ఈ ఇద్దరును మెచ్చుకొన్నారు. ఆమెతో మాటలలో మునిగి ఒకనాడు జావో రస్సెల్ ఉపన్యాసమునకే ఆలస్యముగా వచ్చినారు. వేదికపై దిక్కుతోచక నిలుచున్న తత్త్వవేత్త ఆ ఆలస్యకారణమును చూచి మెల్లగా మందలించినాడు. 1921 జూన్ 1వ తేదీన పెండ్లి. బాజాలు లేవు, విందుశాల లేదు. హూ షిని, వధువు స్నేహితురాలిని ఇంటికి భోజనమునకు పిలిచి, వధువు స్వయముగా వండి వడ్డించి, భోజనానంతరము ఒక కాగితము తీసి సాక్షి సంతకములు చేయుమన్నారు. దానికి చట్టప్రకారము స్టాంపు మాత్రము అంటించినారు. ఇట్టి పెండ్లి మరీ చాదస్తముగా ఉన్నదా అని జావో తరువాత రస్సెల్‌ను అడుగగా, ఇంతకన్న విప్లవము అక్కరలేదన్న భావముతో ఆయన సమాధానమిచ్చినాడు. ఇందులో తెచ్చుకొన్న వారెవరు, పోయిన వారెవరు?

ఆ మరుసటి యేడు, 1922లో, ఆయన మొదటి ప్రసిద్ధానువాదము షాంఘైలో వెలువడినది. అది తత్త్వగ్రంథము కాదు, లూయీ కారల్ వ్రాసిన ఆలిస్ కథ. పెద్దలు పిల్లల పుస్తకమని ప్రక్కన పెట్టునట్టి పుస్తకమును ఏరికోరి తీసికొనుటలో ఆయనకొక ఉద్దేశమున్నది. వాడుక భాషలో సాహిత్యము వ్రాయవచ్చునా అను వాదము దేశమున అప్పుడు జోరుగా సాగుచుండెను. మన వ్యావహారిక గ్రాంథిక వాదములను ఎరిగినవారికి ఆ వేడి ఎట్టిదో చెప్పనక్కరలేదు. వాదమునకు దిగుటకన్న పరీక్ష చేసి చూపుట మేలని జావో ఎంచినారు. ఆ కథలో మాటకు మాట తగులుకొను చమత్కారములు, అర్థము లేని పద్యములు, మీదు మిక్కిలి ఒక చిన్నపిల్ల కోపము, బెదురు, ఆశ్చర్యము, ఏడుపు పుటపుటను ఉన్నవి. తన కన్నీటి మడుగులో తానే ఈదు పిల్ల కథ అది.

ఇక్కడనే భావక్రియల చిక్కు నిజముగా ఎదురగును. ఆంగ్లమున ఆశ్చర్యమును తెలుపు సర్‌ప్రైజ్, భయమును తెలుపు ఫ్రైటెన్, నిరాశను తెలుపు డిసప్పాయింట్ మున్నగు క్రియలలో కారణము కర్తగా నిలుచును, అనుభవించు మనిషి కర్మగా క్రింద పడును. మనిషిని ముందుకు తేవలెనన్న క్రియను కర్మణి రూపమునకు త్రిప్పి, ఆశ్చర్యపరుపబడినది, భయపెట్టబడినది అని చెప్పవలెను. ఆంగ్ల కథలలో మనుష్యులు ఎల్లప్పుడును ఏదో ఒకదానిచేత ఏదో ఒకటి చేయబడుచుందురు. చీనా భాషలో భయమును తెలుపు సామాన్య క్రియ ఫా. దానికి కర్త భయపడువాడే. కారణమును కర్తగా నిలుపవలెనన్న చేయించు అను అర్థము గల వేరొక క్రియను తోడు తెచ్చుకొనవలెను, లేదా బెదరించుట అను అర్థము గల షియా అను క్రియకు ఫలితమును అతికించి చెప్పవలెను. కుక్క పిల్లవానిని బెదరించెను అని ఊరకొనక, బెదరించి ఏడిపించెను అను భావమును రెండు ఏకాక్షర క్రియల జోడింపుతో ముగింతురు. ఉలికిపడుటను బెదరి ఒక గంతు వేయుటగా చెప్పుదురు. కోపము పట్టలేనిచో, కోపపెట్టు క్రియ వెనుక చచ్చు క్రియను తగిలించి, నన్ను కోపముతో చంపినది అందురు. అనుభూతి పేరు ఎంత చిన్నదియో, అది మనిషిని ఎంతవరకు తీసికొనిపోయినదో తెలుపు తోక అంత జీవము గలది. ఆంగ్లము మనస్సు ఉన్న స్థితిని చెప్పును, చీనా భాష ఆ స్థితి ఏ పనిలో తేలినదో చూపును.

తెలుగు ఈ విషయమున అదృష్టము గలది. భయపడు, భయపెట్టు, బాధపడు, బాధపెట్టు, సిగ్గుపడు, సిగ్గుపరచు. పడుటకొక రూపము, పెట్టుటకొక రూపము సిద్ధముగా ఉన్నవి. అటుపైని నాకు భయమైనది అను మూడవ త్రోవయు కలదు. ఆంగ్లమున కూడ పూర్వము ఈ మూడవ త్రోవ ఉండెడిది. నేడు ఇష్టపడుట అను అర్థములో వాడుచున్న లైక్ అను క్రియకు ప్రాచీనాంగ్లమున నచ్చుట అని అర్థము. వస్తువు కర్త, నచ్చినవాడు చతుర్థీ విభక్తిలో ఉండెడివాడు, అచ్చముగా మన నాకు నచ్చినది వలెనే. విభక్తులు రాలిపోయిన కొలది మనిషి జరిగి వచ్చి కర్తస్థానమున కూర్చున్నాడు. భాషలు కూడ తమ పుట్టింటి మాటలు మరచుచుండును.

ఆలిస్ అనువాదము జావోకు కీర్తి తెచ్చినది. రెండవ భాగమైన అద్దములోని కథను కూడ ఆయన అనువదించినారు. 1932 జనవరిలో షాంఘైపై జపాను బాంబులు పడినపుడు ప్రచురణాలయము దగ్ధమై ఆ ప్రతి కాలిపోయినది. ఆయన పట్టు వదలలేదు. ముప్పది ఆరేండ్ల తరువాత, 1968లో, అమెరికాలోని విద్యార్థులకై కూర్చిన పాఠ్యగ్రంథములో ఆ కథ చీనా భాషలో వెలువడినది.

1925లో ఆయన పెకింగులోని చింగ్‌హువా విద్యాలయమున ఆచార్యులైనారు. అచ్చటి దేశీయవిద్యా పరిశోధనాలయమున లియాంగ్ చీచావ్, వాంగ్ గువోవే, చెన్ యిన్‌కో, జావో అను నలువురు గురువులను నేటికిని చీనా విద్యార్థులు ఒక్క ఊపిరిలో చెప్పుకొందురు. 1927లో దక్షిణమునకు పోయి వూ మాండలికములు పలుకు ముప్పదిమూడు తావులలో ఉచ్చారణను పరిశీలించి, మరుసటి యేడు గ్రంథముగా ప్రకటించినారు. చీనా పలుకులో స్వరము ఎత్తినను దించినను అర్థము మారిపోవును గదా. మిక్కిలి అను మాటయు హెన్, పగపట్టు అను మాటయు హెన్. గొంతు మొదటిదానిలో అణగి వంగును, రెండవదానిలో తెగి క్రిందికి పడును. ఈ ఎత్తుపల్లములను అయిదు మెట్లుగా విభజించి చిన్న గీతతో చూపు లేఖన విధానమును ఆయన 1930లో ప్రకటించినారు. భాషాశాస్త్రజ్ఞులు ప్రపంచమంతటను దానినే వాడుచున్నారు. పగపట్టు హెన్ అను క్రియకు ప్రాచీన భాషలో అర్థము పగ కాదు, తీరని చింత. తాంగు కాలపు మహాకవి బాయ్ జ్యూయీ రచించిన ప్రసిద్ధకావ్యము పేరులోని హెన్ ఆ చింతయే. ఒక్క క్రియ కాలక్రమమున తనలోనికి చింతించుటనుండి పరునిపై పగపట్టుటకు ప్రయాణము చేసినది. నిఘంటువు చూచి అనువదించు విద్యార్థి ఇట్టి చోటనే కాలు జారును.

ఆయన పేరును ఇంటింటికిని చేర్చినది ఈ పరిశోధన ఏదియు కాదు, ఒక పాట. 1920లో లియూ బాన్‌నోంగ్ అను కవి లండనులో చదువుకొనుచు ఒక గేయము వ్రాసినాడు. ఆమెను తలపకుండుట నా కెట్లు సాధ్యమను భావము దాని పేరులోనే ఉన్నది. 1926లో జావో దానికి వరుస కట్టినారు. పాశ్చాత్య పద్ధతిని పియానో తోడు కల్పించుచునే, పెకింగు నాటకసంగీతములోని ఒక పోకడను అందులో కలిపినారు. మాటల సహజస్వరమునకు వరుస అడ్డుతగులరాదని ఆయన పట్టు. 1928లో ఆయన ప్రకటించిన నవ్యగేయ సంపుటములో ఆ పాట చేరినది.

ఆ పాటకు ప్రాణము షియాంగ్ అను ఒక్క క్రియ. దాని వెనుక ఒక విషయము వచ్చినచో ఆలోచించుట. వేరొక క్రియ వచ్చినచో, కోరుట. ఒక మనిషి వచ్చినచో, ఆ మనిషికై బెంగపడుట. చీనావానికి ఇవి మూడు అర్థములని తోచదు, ఒక్క మనోవ్యాపారము మూడు వైపులకు తిరుగుటగా తోచును. ఆంగ్లము దీనిని మూడు ముక్కలు చేయక తప్పదు. ఆలోచనకు థింక్, కోరికకు వాంట్, బెంగకు మిస్. ఈ కడపటి మాట మరియు విచిత్రము. దాని మొదటి అర్థము గురి తప్పుట. విసరిన బాణము తగులకపోవుటను చెప్పు మాటయే, ప్రియజనము కంటికి తగులకపోవుటను చెప్పుటకు వచ్చినది. అనగా ఆంగ్లేయుని బెంగ లేనిదానిని వెదకుకొనును, చీనావాని బెంగ ఉన్నదానిని తలచుకొనును. మన తలచు, తలపు అను మాటలు షియాంగ్‌కు మిక్కిలి దగ్గర. తలచుటలో ఆలోచనయు కలదు, సంకల్పమును కలదు, ప్రేమయు కలదు. ఆంగ్లమున ఆ గేయము పేరును ఎట్లు త్రిప్పినను ఆలోచన మిగిలిన బెంగ తగ్గును, బెంగ మిగిలిన ఆలోచన జారిపోవును.

అందులో ఆమె అను సర్వనామమునకు కూడ ఒక కథ కలదు. చీనా పలుకులో అతడు, ఆమె, అది అన్నియు తా. వ్రాతలో ఆమెకు వేరు గుర్తు లేకుండెను. ఆంగ్లానువాదములకు అది అవసరమగుటచేత స్త్రీ అను గుర్తును చేర్చి క్రొత్త లిపిచిహ్నమును ప్రచారమునకు తెచ్చినవాడు ఈ లియూ బాన్‌నోంగే. ఈ గేయము ఆ చిహ్నమును వ్యాపింపజేసినది. కాని చదువువానికి ఆమె, వినువానికి ఎవరైనను కావచ్చును. పాట కంటితో చదువునది కాదు గదా.

1938లో యుద్ధమువలన దేశము విడిచి హవాయికిని, అటనుండి అమెరికాకును జావో కుటుంబము తరలినది. నాన్‌కింగులోని ఇల్లును గ్రంథములును అంతకు ముందే నాశనమైనవి. దినచర్య పుస్తకములను మాత్రము ముందుచూపుతో అమెరికాలోని మిత్రునకు పంపియుండుటచేత అవి దక్కినవి. యేల్‌లోను, హార్వర్డులోను బోధించి, 1947 నుండి బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పనిచేసి 1960లో విరమించినారు. యుద్ధకాలమున హార్వర్డులో అమెరికా సైనికులకు చీనా భాష నేర్పవలసివచ్చినపుడు కంటికన్న ముందు చెవికి పని కల్పించు పద్ధతిని అవలంబించినారు. ఆ బోధనయే 1948లో పాఠ్యపుస్తకమైనది.

ఇదే కాలమున ఆయన చేసిన మరొక అనువాదమును పండితులు చిన్నచూపు చూతురు గాని, అది చక్కనిది. భార్య బూవే తన జీవితకథను చీనా భాషలో వ్రాయగా, ఆయన దానిని ఆంగ్లములోనికి త్రిప్పినారు. 1947లో ప్రచురితమైనది. తనను గూర్చి భార్య మెచ్చుకొన్నదియు, విసుగుకొన్నదియు, ఎత్తిపొడిచినదియు తానే పరభాషలో పెట్టవలెను. విసుగును కొంచెము తగ్గించి, మెప్పును కొంచెము హెచ్చించు అవకాశము ఇంతగా మరే అనువాదకునకును దొరకదు. ఆయన ఆ పని చేయలేదు. ఆమె మాటను ఆమెకు వదలి, అంగీకరింపలేని చోట తన మాటను అడుగున గమనికగా వేసికొన్నారు.

1968లో ఆయన చీనా వాడుకభాషా వ్యాకరణము వెలువడినది. ఎనిమిదివందల పుటలకు పైబడిన ఈ గ్రంథమున క్రియల విభజన చదువదగినది. ఆంగ్ల వ్యాకరణముల మూసలో పోయక, ఏ క్రియకు ముందు ఏ మాట నిలుచునో చూచి ఆయన తరగతులు ఏర్పరచినారు. పరుగెత్తుట, తినుట మొదలగు వానికి ముందు మిక్కిలి అను మాట నిలువదు. పెద్ద, మంచి మొదలగు గుణవాచకములకు ముందు నిలుచును. మరి ప్రేమ, భయము? ఇవి కర్మను తీసికొను నిజమైన క్రియలే, అయినను మిక్కిలి అను మాట వీని ముందు హాయిగా నిలుచును. కనుక వీనిని గుణమును తెలుపు సకర్మక క్రియలని ప్రత్యేకముగా నిలిపినారు. అనుభూతి సగము పని, సగము గుణమని ఆ భాషయే తేల్చినట్లైనది. ప్రేమను తెలుపు ఆయ్ అను క్రియ మనుష్యులను దాటి కూడ పోవును. ఏడ్చుటను ప్రేమించు పిల్ల యనగా చీటికిమాటికి ఏడ్చు పిల్ల. ఇనుము త్రుప్పుపట్టుటను ప్రేమించును అని కూడ అందురు. దీనిని ఆంగ్లములోనికి మక్కికి మక్కిగా దింపిన ఇనుమునకు హృదయము మొలచును.

చీనా వాక్యమున ముందుండు నామము ఎల్లప్పుడును పనిచేయువాడు కాదనియు, అది ప్రసంగమునకు తీసికొన్న విషయమనియు, తక్కినది దానిపై వ్యాఖ్య అనియు ఆ గ్రంథమున ఆయన స్థాపించిన సూత్రము ప్రసిద్ధము. కోడి ఇక తినుట లేదు అను వాక్యమునకు కోడి మేత మానినదనియు అర్థమే, మనము కోడికూర చాలించితిమనియు అర్థమే. సందర్భము చెప్పవలెను. భావములను చెప్పు వాక్యములలో ఇది మరింత సొగసుగా పనిచేయును. ఒక మనిషిని ముందు పేర్కొని, పిమ్మట నేను, భయము అని ముగింపవచ్చును. ఆ మనిషి భయపెట్టెననుట లేదు, నేను భయపరుపబడితిననుట లేదు. ఇద్దరిని ఎదురెదురుగా నిలిపి నడుమ భయమును ఉంచినట్లుండును.

ఆ మరుసటి యేడు, 1969లో, అనువాదమున విశ్వసనీయత అనగా ఏమో ఒక దీర్ఘవ్యాసమున చర్చించినారు. ప్రతి భాషయు కొన్ని సంగతులను తప్పక చెప్పి తీరవలెనని వక్తను నిర్బంధించును. ఆంగ్లము కాలమును, వచనమును అడుగును. చీనా భాష అడుగదు. కాని సోదరుడనిన అన్నయా, తమ్ముడా అని తప్పక అడుగును. నేను ఆమెను ప్రేమించితిని అను ఆంగ్లవాక్యమున గడచిన కాలము ఉన్నది. ఆ ప్రేమ ముగిసినదా, నేటికిని ఉన్నదా అను సందేహము ఆ వాక్యమును వెంటాడును. చీనా క్రియలో ఆ సందేహమే పుట్టదు. ముగిసినదని చెప్పదలచినవాడు ఆ అనుభవము గడచినదని తెలుపు గువో అను ప్రత్యయమును బుద్ధిపూర్వకముగా చేర్చవలెను. ఒక భాషలో తప్పించుకొనలేనిది మరొక భాషలో కోరి తెచ్చుకొన్నదగును. ఉన్నదంతయు మోసికొనిపోవుట విశ్వాసము కాదని, మూలభాష బలవంతముగా చెప్పించినదానిని కొన్నియెడల విడిచిపెట్టుటయే విశ్వాసమని ఆయన వాదము. మూలములోని ప్రతి ముక్కను పిల్లల అనువాదములో వెదకి మార్కులు తగ్గించుట మనలో ఇంకను పోలేదు.

1973లో, ముప్పదియైదేండ్ల పిమ్మట, ఆయన స్వదేశమును చూచినారు. ప్రధానమంత్రి చౌ ఎన్‌లై ఆయనకు దర్శనమిచ్చినాడు. 1981 మార్చి 1వ తేదీన బూవే మరణించినది. వారి దాంపత్యమునకు అరువది యేండ్లు నిండుటకు మూడు నెలలు కొరత. ఆ వేసవిలోనే జావో మరల చీనాకు వెళ్లినారు. అప్పటికాయనకు ఎనుబదియెనిమిదేండ్లు. పెకింగు సంగీత కళాశాల విద్యార్థులు ఆ పాత పాట పాడుమని కోరగా పాడినారు. పాటలోని ఆ వ్యక్తి ఎవరని అడిగినవారికి, అది స్త్రీ కావచ్చును, పురుషుడు కావచ్చును, దూరమున విడిచివచ్చిన దేశమైనను కావచ్చును అన్న భావముతో వివరించినారని చెప్పుదురు. గేయకర్త లియూ బాన్‌నోంగ్ 1934లోనే గతించియుండెను.

1982 ఫిబ్రవరిలో, అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున జావో కన్నుమూసినారు. పదునాలుగవ యేట మొదలుపెట్టిన దినచర్యను ఆ జనవరి వరకు వ్రాయుచునే ఉండిరి. ఆ పాటను చీనాలో నేటికిని పాడుచున్నారు. ఆంగ్లమున దాని పేరు పలువురు పలువిధముల వ్రాయుదురు. షియాంగ్ దగ్గర మాత్రము ఒకరి అనువాదము మరొకరికి నచ్చదు.